మామయ్యవి అన్నీ పచ్చే

2019 అక్టోబరు 12, శనివారం. పొద్దున్నే పొగమంచు పట్టి ఎదురు గోడ కూడా కనిపించలేదు. పది దాటాక అది విడిపోయి, మధ్యాహ్నమంతా వేడి లేని ఎండ కాసింది. నాలుగింటికి వాన మొదలైంది. పెద్ద వానేం కాదు, గొడుగు లేని మనిషి నాలుగడుగులు వేసి తిట్టుకుంటూ వెనక్కి వచ్చేటంత. ఆమాత్రం వాన కూడా పడకపోతే అందరూ ఏదో ఒక వంక చెప్పి జారుకునేవాళ్ళు, జల్లెడ కథ ఆ సాయంత్రంతో ముగిసిపోయేది.

ఈ జల్లెడ వంటింట్లోది కాదు, ప్రోగ్రాంలలో తప్పులు పట్టే పనిముట్టు. ప్రోగ్రాం రాసేవాళ్ళు దానితోపాటు చిన్న చిన్న పరీక్షలు కూడా రాసి పెట్టుకుంటారు, వాటినే టెస్టులంటారు. జల్లెడ ఆ టెస్టుల్ని వరసగా నడుపుతుంది. జవాబు సరిగ్గా వస్తే ఆకుపచ్చ గీత గీస్తుంది, తప్పొస్తే ఎర్ర గీత. దానికి యజమాని లేడు, ధర లేదు. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగుచేసి మళ్ళీ పదిమందికీ ఇవ్వొచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదే. అలాంటి పని చేసేవాళ్ళు నెలకో శనివారం మందుల షాపు పైనున్న డ్రైవింగ్ స్కూల్లో కూడేవారు. ఆ పూట స్కూలుకి సెలవు కాబట్టి గది ఊరికే దొరికేది. గోడల నిండా 'హారన్ కొట్టరాదు', 'ముందు ఇరుకు వంతెన' బొమ్మలు. ఒక మూల, నేర్చుకునేవాళ్ళ కోసం బల్లకి బిగించిన స్టీరింగు. అది ఏ చక్రాన్నీ తిప్పదు. అయినా దాని పక్కన కూర్చున్నవాడు ఎంత పెద్ద ఇంజినీరైనా కాసేపటికి దాన్ని అటూ ఇటూ తిప్పడం మొదలుపెడతాడు. ఇద్దరు ముగ్గురైతే మలుపుల దగ్గర ఒళ్ళు కూడా వంచుతారు.

ఈ గుంపుకి ఒక కట్టుబాటుంది. ఎవరు ఏ గొప్ప చెప్పినా వినేవాళ్ళలో ఎవరైనా "చూపించు" అనొచ్చు. ఆ మాట పడ్డాక ల్యాప్‌టాప్‌ని ప్రాజెక్టరుకి తగిలించి అందరి ముందూ చూపించాల్సిందే, కుదరదనడానికి లేదు. కాకపోతే ముఖం మీద అలా అనడం మొరటని, చాలా కాలంగా ఎవరూ అనడం లేదు.

ఆ రోజు జల్లెడ పెద్దాయన లేచి నిలబడ్డాడు. దాన్ని మొదట తయారుచేసిందీ, ఇన్నేళ్ళూ సాకిందీ ఆయనే. ఎవరు ఏ మార్పు చేసి పంపినా, చూసి లోపలికి రానిచ్చే తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి.

"నా కళ్ళు ఇంక స్క్రీన్‌ని ఓర్చుకోవడం లేదమ్మా," అన్నాడు. "డాక్టరు మానెయ్యమన్నాడు. ఇవాళ ఎవరో ఒకరు దీన్ని తీసుకోండి. లేకపోతే ఇంటికెళ్ళి తాళం వేసేస్తాను. చూసే దిక్కు లేకపోతే కొన్నాళ్ళకి ఇది తప్పుని కూడా పచ్చ అనడం మొదలుపెడుతుంది. దానికన్నా మూసెయ్యడమే నయం."

ఎవరూ చెయ్యెత్తలేదు. ఎలా ఎత్తుతారు? జీతం లేని పని, పైగా ప్రపంచం నలుమూలల నుంచీ తిట్లు. బస్సులు ఎప్పుడొస్తాయో చెప్పే ప్రోగ్రాం రాసే బస్సులాయన, చక్కగా కట్టి ఉన్న బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకోసాగాడు. పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయో చెప్పే ప్రోగ్రాం నడిపే లైబ్రరీ అక్క, టీ ఫ్లాస్కు మూత బిగించి, విప్పి, మళ్ళీ బిగించింది. కిటికీ పక్కనున్నవాళ్ళు వాన ఆగిందేమోనని చూశారు. ఆగలేదు.

వెనక వరసలో డిస్పెన్సరీ అమ్మాయి చెయ్యి ఒళ్ళోంచి కాస్త లేచి, మళ్ళీ పడిపోయింది. ఆమె పిల్లల డిస్పెన్సరీలో పనిచేస్తుంది. బిడ్డ బరువు కొడితే ఎంత సిరప్ పొయ్యాలో చెప్పే ప్రోగ్రాం ఆమెదే. జల్లెడ పచ్చ చూపిస్తేనే ఆ ప్రోగ్రాం నర్సుల చేతికి వెళ్తుంది. జల్లెడ పోతే ఆమెకి కాళ్ళూ చేతులూ ఆడవు. కానీ ఇంత పనిని ఒక్కతే ఎత్తుకునేటంత మనిషినా తను?

ఆ ఆలోచన తెగకముందే ముందు వరసలోంచి గొంతు లేచింది.

"నేనున్నాను కదండీ!"

అమ్మాయి తలెత్తి చూసింది. ఆ గొంతు ఆమె మేనమామది.

మామయ్య లిఫ్టుల మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ప్రోగ్రాంలు నేర్చుకున్నాడు. అంతకు చాలా ముందే ఎక్కడో పాత కంప్యూటర్ పట్టుకొచ్చి, మేనకోడలికి కీబోర్డు మీద వేళ్ళు పెట్టించింది కూడా ఆయనే. మంచివాడు, చేతికి ఎముక లేదు. నోటికీ లేదు. ఆమెని చూసి గుంపు గుంపంతా ఆయన్ని మామయ్యా అనే పిలిచేది.

"నేను పెద్దగా ఊడబొడిచిందేం లేదండీ," అంటూ మామయ్య కుర్చీని తిప్పి అందరివైపూ తిరిగాడు. ఆయన ఇలా మొదలుపెట్టాడంటే ఫ్లాస్కు ఖాళీ అయిందాకా ఆగడని అందరికీ తెలుసు. "జల్లెడతో ఒక బస్సు బోర్డులో తప్పు పట్టాను, అంతే. స్టాపులో నిలబడి చూద్దును కదా, బోర్డు మీద 'మైనస్ మూడు నిమిషాల్లో బస్సు వచ్చును' అనుంది."

"అది నిజమే," అన్నాడు బస్సులాయన చిన్నబోయి. "అదెప్పుడో సరిచేశాం."

"ఎవరు చెబితే సరిచేశారు? అక్కడే నిలబడి ఫోన్లో ఒక్క టెస్టు రాశాను. ఒక్కటంటే ఒక్కటి. వెంటనే బోర్డు సర్దుకుంది. సరే, ఇంకోటి రాద్దామనిపించింది. పది రాశాను. నూరు రాశాను. స్టాపులో జనం బస్సెక్కడం మానేసి నా చుట్టూ చేరారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్సులకి భయం పట్టుకుంది!"

"డ్రైవర్లకా?"

"డ్రైవర్లకి కాదయ్యా, బస్సులకే! రోజూ ఆలస్యంగా వచ్చేది ఒకటుంది చూడు, ఎర్ర బస్సు, అది ఆ వారం నుంచీ ముందే వచ్చేసి, మరీ ముందొస్తే బాగుండదని సందు చివర ఇంజను ఆపుకుని దాక్కునేది. నేను కళ్ళారా చూశాను. టైము అవగానే ఏమీ ఎరగనట్టు మలుపు తిరిగి వచ్చేది."

గదిలో మొదటి నవ్వు పుట్టింది. బస్సులాయన లేసు వదిలేశాడు. కిటికీ దగ్గరివాళ్ళు కుర్చీలు లాక్కొచ్చారు. పెద్దాయన కూడా కూర్చున్నాడు. ఎవరో ఆయన చేతికి టీ కప్పు అందించారు.

"ఈ సంగతి ఎలా పాకిందో ఏమో, ఎక్కడో దూరదేశంలో ఇలాంటి సభే పెట్టుకుని నన్ను పిలిచారు. మనలా ముప్పై మంది కాదు. నాలుగు వేల మంది, అందరూ టెస్టులు రాసేవాళ్ళే. ఒకళ్ళనొకళ్ళు అస్సలు నమ్మరు! హాలు తొమ్మిదో అంతస్తులో, అదే ఆఖరిది. నేను లిఫ్టెక్కాను. ఆరుకీ ఏడుకీ మధ్య ఆగిపోయింది. లోపల నాతోపాటు సభాధ్యక్షుడు, ఆయన భార్య, ఇంకో పదిమంది. ఏడుపులు, పెడబొబ్బలు. నేనేమన్నా కొత్తా? ముప్పై ఏళ్ళు లిఫ్టుల్లోనే బతికినవాణ్ణి. బటన్ల పలక విప్పాను, వైర్లు ల్యాప్‌టాప్‌కి కలిపాను, జల్లెడని లిఫ్టు మీదికి వదిలాను."

"లిఫ్టుకి టెస్టులా?" అంది లైబ్రరీ అక్క. "ఏం అడిగారు దాన్ని?"

"నువ్వు పైకెళ్తావా, వెళ్ళవా అని అడిగాను. అంతే, సిగ్గుపడి లేచింది చూడు! ఏడు, ఎనిమిది, తొమ్మిది... ఆగదే! పదో అంతస్తుకెళ్ళి ఆగింది."

"తొమ్మిదే అంతస్తులన్నారుగా?"

"అదేగా నేను చెప్పేది! ఆ పదో అంతస్తు ఉందని కట్టిన మేస్త్రీకి కూడా తెలియదు. తలుపు తెరుచుకుంది. లోపల ఏముంది? తప్పులు, అవేనండీ, బగ్గులు! ఇన్నేళ్ళుగా ఏ ప్రోగ్రాంలోంచి తప్పించుకున్నవి ఆ ప్రోగ్రాం పేరు మెళ్ళో వేసుకుని, వరసలో కూర్చున్నాయి. ఒక ముసలి బగ్గు కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, 'బాబూ, ఎవరెవరికో దొరికి పరువు పోగొట్టుకోవడం దేనికని మీకోసమే కూర్చున్నాం' అంది. నా కళ్ళు చెమర్చాయండీ."

"ఆడ బగ్గా, మగ బగ్గా?" వెనకనుంచి ఎవరో అరిచారు.

"పెద్ద వయసులో అవన్నీ అడగకూడదు," అన్నాడు మామయ్య.

ఈసారి నవ్వు గోడల మీది బొమ్మల్ని ఊపేసింది. పెద్దాయన టీ ఒలకబోసుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆ ముఖంలో నవ్వు చూసి నెలలైంది. డిస్పెన్సరీ అమ్మాయి కూడా నవ్వింది. నవ్వుతూనే ఉంది గానీ, లోపల ఒకటే దిగులు. మామయ్య కోతలు కోస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ ఈ మనిషి ఇప్పుడు జల్లెడ అడుగుతున్నాడు. పెద్దాయన ఇచ్చేసేలా ఉన్నాడు.

పోయిన నెల మామయ్య ఆమె సిరప్ ప్రోగ్రాంకి మూడు వందల టెస్టులు రాసి పంపాడు. "నీకు కానుక, అమ్మడూ," అన్నాడు. నడిపితే అన్నీ పచ్చే. డాక్టరమ్మ ముచ్చటపడింది. మొన్న గురువారం ఈమెకి ఏదో తోచి, పసిపిల్లలకి మోతాదు తగ్గించే లైను ఒకటి తీసేసి మళ్ళీ నడిపింది. ఆ లైను లేకపోతే నెలల బిడ్డకి కూడా కిలోకి పదేళ్ళ పిల్లాడి లెక్కనే మందు పడుతుంది. అప్పుడు కూడా అన్నీ పచ్చే. ఆమె లైను తిరిగి పెట్టేసి, మామయ్య టెస్టులు పక్కన పడేసి, నోరు మూసుకుంది. ఎలా చెబుతుంది? చెబితే అమ్మ ఊరుకుంటుందా? "నీకు అక్షరం నేర్పిన మామయ్యనే నలుగురిలో నవ్వులపాలు చేస్తావటే?" అనదూ?

"ఇంక చివరిది చెప్పి ఆపేస్తాను," అన్నాడు మామయ్య. అప్పటికి ఆయన లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి ఉత్తుత్తి స్టీరింగు మీదుంది. "అక్కడినుంచి వచ్చాక నా టెస్టులకి వేగం పెరిగింది. మొదట్లో బటన్ నొక్కగానే ఫలితం వచ్చేది. తర్వాత్తర్వాత నేను నొక్కుదామని వేలెత్తేసరికే వచ్చేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలు ప్రోగ్రాం రాయకముందే నా టెస్టులు పాసైపోయేవి! అవతలివాడు ఇంకా పళ్ళు తోముకుంటూ ఇవాళ ఏం రాద్దామా అనుకుంటుంటాడు, ఇక్కడ నా టెస్టు పచ్చగా వెలిగిపోతుంటుంది. ప్రోగ్రాంతో పనే లేదు! ఇప్పటికి కొన్ని కోట్ల టెస్టులు రాసి ఉంటాను. ఒట్టు, ఒక్కటంటే ఒక్కటి కూడా ఎర్రబడలేదు!"

చప్పట్లు మోగాయి. బస్సులాయన మాత్రం ఒక వేలెత్తాడు.

"ఒక్కటీ ఎర్రబడకపోతే మా బోర్డులో తప్పు మీకెలా దొరికింది మామయ్యా?"

మామయ్య రెప్ప కూడా వెయ్యలేదు. "నన్ను చూసి అదే ఒప్పేసుకుంది."

మళ్ళీ నవ్వులు. పెద్దాయన నవ్వుతూనే సంచిలోంచి ల్యాప్‌టాప్ తీశాడు. "అడిగినవాళ్ళు మీరొక్కరే. ఇంత సరదాగా ఉండే మనిషి చేతిలో పడితే జల్లెడ కూడా నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుందేమో. తాళాలు మీకే..."

"చూపించు, మామయ్యా."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అమ్మాయికి అందరి తలలూ తిరిగాక గానీ తెలియలేదు.

"ఏం చూపించమంటావే అమ్మడూ?" మామయ్య ఇంకా నవ్వుతున్నాడు.

"ప్రోగ్రాం లేకుండా పాసయ్యేవి. నాకు పంపారుగా మూడు వందలు, అవి నా దగ్గరే ఉన్నాయి."

ఆమె ముందుకొచ్చి తన ల్యాప్‌టాప్‌ని ప్రాజెక్టరుకి తగిలించింది. గోడ మీద సిరప్ ప్రోగ్రాం పడింది. అది నర్సులు వాడేది కాదు, నకలు మాత్రమేనని ముందే చెప్పి, ఆమె పసిపిల్లల మోతాదు లైను తీసేసి జల్లెడ నడిపింది. పచ్చ. బరువు చూసే భాగమంతా తీసేసింది. పచ్చ. ఎవరో "అరె" అన్నారు. ఆమె ఇంక ఎవరివైపూ చూడకుండా, మొదటి అక్షరం నుంచి చివరిదాకా ప్రోగ్రాం మొత్తం చెరిపేసింది. గోడ మీద మిగిలింది ఖాళీ తెలుపు. జల్లెడ నడిపింది.

మూడు వందల పచ్చ గీతలు, ఒకదాని కింద ఒకటి, గోడ పైనుంచి కిందిదాకా చకచకా దిగాయి.

లైబ్రరీ అక్క ఆ గీతల్ని చివరిదాకా చూసి తాపీగా అంది. "పొద్దుపోయిందాకా ఈయన చెప్పినవాటిలో ఇదొక్కటీ అచ్చంగా నిజమే!"

గది ఫెళ్ళుమంది. బస్సులాయన కుర్చీలోంచి కిందికి జారిపోయాడు. మామయ్య మాత్రం నవ్వలేదు. ఆయన చెయ్యి స్టీరింగుని వదిలి కుర్చీ వీపు కోసం వెతుక్కుంది.

అమ్మాయి అందరివైపూ తిరిగింది. "మామయ్య టెస్టులు ప్రశ్న అడుగుతాయి. జవాబు ఏమొచ్చిందో చూడవు. మధ్యలో ఏదైనా విరిగితే దాన్ని మింగెయ్యమని ప్రతిదానికీ కింద ఒక లైనుంది. ఎరుపు చూడ్డం ఆయనకి ఇష్టముండదు. కానీ మా దగ్గర ఎరుపు కనబడకపోతే పిల్లలకి మందు ఎక్కువైపోతుంది."

నవ్వులు తగ్గాయి. మొదట బస్సులాయన తన ల్యాప్‌టాప్ తెరిచాడు. అతనూ ఏదో లైను తీసేసి నడిపి చూసుకున్నాడు. ముఖం మారింది. "నావీ రెండు ఇలాగే ఉన్నాయి," అన్నాడు మెల్లిగా. అటుపక్కవాడు తనవి తెరిచాడు. ఇటుపక్కావిడ తెరిచింది. కాసేపటికి డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఎవరి ప్రోగ్రాంని వాళ్ళే పాడుచేసుకుంటూ, ఎర్ర గీత పడ్డ ప్రతిసారీ పండగలా కేకలు పెట్టుకుంటూ కూర్చున్నారు. వాన ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు.

పెద్దాయన అమ్మాయి పక్కకి వచ్చి కూర్చున్నాడు. "పాడుచేసి చూడాలని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. అన్నీ పచ్చగా ఉంటే భయమేసింది."

"ఆ భయం ఉన్న మనిషి కోసమే చూస్తున్నాను. ఇందాక చెయ్యి సగం ఎత్తి దించేశావు, నా కళ్ళు మరీ అంత పోలేదు. పూర్తిగా ఎత్తు."

"డిస్పెన్సరీ పనుంది. నావల్ల ఒక్కదానివల్ల కాదండీ."

"ఒక్కదానివే ఎందుకు?" అన్నాడు బస్సులాయన తల ఎత్తకుండానే. "ఆ తిట్ల ఉత్తరాలు నాకు పంపు. బస్సుల పుణ్యమా అని తిట్లు నాకు అలవాటే."

"జల్లెడ వాడే విధానం పుస్తకం నేను మళ్ళీ రాస్తాను," అంది లైబ్రరీ అక్క. "పెద్దాయన రాసింది పెద్దాయనకి తప్ప ఎవరికీ అర్థం కాదు."

అప్పుడు అమ్మాయి చెయ్యెత్తింది. ఎత్తి, మామయ్య వైపు చూసింది. ఇంతసేపూ ఆయన గోడ మీది పచ్చ గీతల్నే చూస్తున్నాడు. చూసి చూసి గట్టిగా ఊపిరి పీల్చుకుని, చేతులు చాపి, గదంతా వినబడేలా అన్నాడు. "శెభాష్ అమ్మడూ! దీన్ని ఎవరు పట్టుకుంటారా అని పోయిన నెల నుంచీ కాచుకుని కూర్చున్నాను. ముప్పై మందిలో నువ్వొక్కదానివే పట్టావు!"

ఎవరూ "చూపించు" అనలేదు. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పెద్దాయన ఆ వారంలోనే చెయ్యమని ఒక పని పురమాయించాడు: జవాబు చూడని టెస్టుకి జల్లెడ ఇకమీదట పచ్చ గీత గియ్యకూడదు.

ఆ రాత్రికి పంపకాలు ఇలా తేలాయి. జల్లెడ తాళాలు డిస్పెన్సరీ అమ్మాయికి. వచ్చే ఉత్తరాలు, అందులో తిట్లతో సహా, బస్సులాయనకి. వాడే విధానం పుస్తకం లైబ్రరీ అక్కకి. కొత్తగా చేరేవాళ్ళకి ఎర్ర గీత ఎలా రప్పించాలో నేర్పే పని, కిటికీ పక్కన కూర్చుని వాన చూసిన ఇద్దరికీ చెరి సగం. పెద్దాయనకి తన సాయంత్రాలు తిరిగొచ్చాయి. మామయ్యకి ఏమీ రాలేదు. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. తడి మెట్లు జాగ్రత్తగా దిగుతూ, ఫోన్లో తన అక్కతో, అంటే ఆ అమ్మాయి తల్లితో, "అంతా పిల్లలకే ఇచ్చేశానక్కా, నాకేం ఉంచుకోలేదు," అంటున్నాడు.